వెళ్ళినవారి ఫైళ్ళు – ఉన్నవారి బాధ్యత

ఏటా పరీక్షలకు ముందు మన కళాశాలలో వీడ్కోలు సభలు జరుగుతాయి. దండలు, ఫోటోలు, ఆటోగ్రాఫులు, కాసిన్ని కన్నీళ్ళు – అన్నీ సక్రమంగానే జరుగుతాయి. కాని వెళ్ళిపోయే విద్యార్థి కంప్యూటర్ లాబ్‌లో వదిలిపెట్టిన సామాను సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఆ సామాను గురించి నాలుగు మాటలు మనవి చేయడానికే ఈ వ్యాసం. ఈ కేసులో మొదటి ముద్దాయిని నేనే కనుక ఎవరినీ నిందించే ఉద్దేశం నాకు లేదు.

కిందటేడు వేసవిలో లాబ్ చూసే మాస్టారు నన్ను పిలిచి, “ఫైనలియర్ వాళ్ళు వెళ్ళిపోయారు గదా, సర్వర్‌లో వాళ్ళ అకౌంట్లు తీసెయ్యవోయ్” అన్నారు. మాది లైనక్స్ సర్వర్. ‘యూజర్‌డెల్’ అని కొట్టి పక్కన పేరు రాస్తే చాలు, అకౌంటు పోతుంది. అరగంటలో పని ముగించి టీకి వెళ్ళాను. పీడా వదిలిందనుకున్నాను.

తరువాత జూనియర్లు వచ్చారు. కొత్త అకౌంట్లు తెరిచాను. రెండోరోజే ఒక తమ్ముడు వచ్చి, “అన్నా, డేటా డిస్కులో నా పేరు మీద ఏవో ఫైళ్ళున్నాయి. నేనెప్పుడూ రాయలేదే!” అన్నాడు. చూద్దును గదా, అవి వెళ్ళిపోయిన ఒక అక్కవి! ఆవిడ ఊరూరా తిరిగి సేకరించిన బావినీటి లెక్కలు, స్కాలర్‌షిప్ దరఖాస్తు, బ్యాంకు పాస్‌బుక్కు నకలు – అన్నీ ఈ కుర్రవాడి సొత్తయి కూర్చున్నాయి. అతడు చదవవచ్చు, మార్చవచ్చు, తుడిచిపారెయ్యవచ్చు.

ఇదెలా జరిగింది? లైనక్స్ ఫైలు మీద మనిషి పేరు రాసుకోదు, అంకె రాసుకుంటుంది. 1969లో పుట్టిన యూనిక్స్ నుంచి 1991లో మొదలైన లైనక్స్‌కు సంక్రమించిన పద్ధతి ఇది. వెనుకటి హాస్టళ్ళలో దోబీ బట్టల మీద నల్లజీడి రసంతో గుర్తు పెట్టేవాడు. బట్ట ఎవరిదో అతనికి పేరుతో పనిలేదు, గుర్తే ప్రమాణం. పాత విద్యార్థి గుర్తును కొత్తవాడికి ఇస్తే పాతవాడి చొక్కా కొత్తవాడి గదికి చేరదూ? ఇక్కడా అంతే. సాధారణంగా కొత్త అకౌంటుకు ఉన్నవాటిలో పెద్ద అంకె తరువాతి అంకె వస్తుంది. చివరి అంకె గల అకౌంటు తీసేస్తే, ఆ అంకే మళ్ళీ కొత్తవాడికి దక్కుతుంది. మా అక్క విషయంలో జరిగిందదే.

“ఆ ఆజ్ఞకు ‘ఆర్’ అనే అక్షరం తగిలించి అన్నీ ఊడ్చెయ్యక పోయావా?” అని ఒక మిత్రుడు ఎకసక్కెమాడాడు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టమనడమే అది. పైగా దానివల్ల పోయేది హోం డైరెక్టరీ, ఉత్తరాల పెట్టె మాత్రమే. వేరే డిస్కుల్లో పడి ఉన్నవి అలాగే ఉంటాయి. మరొకాయన “డిస్కులు చవకే గదా, అన్నీ ఉండనీ” అన్నాడు. ఒకరి పాస్‌బుక్కు దిక్కులేని సామానుగా పడివుండటం చవక వ్యవహారమా?

నా అభిప్రాయం ఒక్కటే: అకౌంటు తీసివేత తుడిచివేత కాదు, అప్పగింత. ముందు అకౌంటుకు తాళం వెయ్యాలి. పాస్‌వర్డు ఒక్కటే మూస్తే చాలదు, తాళంచెవి ఫైలుతో లోపలికి వచ్చే దారి తెరిచే ఉంటుంది. కనుక గడువు తేదీ కూడా ముగించాలి. తరువాత ‘ఫైండ్’ ఆజ్ఞతో ఆ అంకె గల ఫైళ్ళన్నీ వెతకాలి. వేళకు తమంతట తాము నడిచే పనులేమైనా ఉంటే ఆపాలి. సొంతవి సొంతదారుకు, ప్రాజెక్టువి గైడుగారికి అప్పగించి, ఆ తరువాతే తుడవాలి. ఆ అంకె మరెవరికీ ఇవ్వకూడదు. ఇప్పటికే అకౌంట్లు పోయి అంకెలు మిగిలిన ఫైళ్ళను అదే ‘ఫైండ్’కు ‘నోయూజర్’ అని జోడిస్తే పట్టి చూపుతుంది.

యూనియన్ మిత్రులకు నా విన్నపం. వెళ్ళేటప్పుడు నో డ్యూస్ ఫారంలో లైబ్రరీ సంతకం, హాస్టల్ సంతకం, మెస్ సంతకం అడుగుతారు. దానికి కంప్యూటర్ లాబ్ గడి ఒకటి చేర్పించండి. “నా ఫైళ్ళు ఫలానావారికి ఇవ్వండి, మిగిలినవి తుడవండి” అని విద్యార్థే స్వయంగా రాసి సంతకం పెట్టాలి. దీనికి నిధులక్కరలేదు, ధర్నా అక్కరలేదు. ఒక్క గడి చాలు.

ఆ రోజు నేను అక్కకు ఫోను చేశాను. “అవి ఇంకా ఉన్నాయా తమ్ముడూ! నా లాప్‌టాప్ పాడైతే అన్నీ పోయాయనుకున్నాను. థీసిస్ ఇంకా ఇవ్వలేదురా” అంది. గొంతులో ఏడుపూ ఉంది, నవ్వూ ఉంది. హోం డైరెక్టరీలో ఆవిడ థీసిస్ చిత్తుప్రతి ఉంది. ఆ ‘ఆర్’ అక్షరం నేను తగిలించి ఉంటే అదీ పోయేది. నాకు తెలివి ఉండి కాదు, తెలియక తగిలించలేదు.

ఆ తమ్ముడు మంచివాడు కనుక వచ్చి చెప్పాడు. అందరి మంచితనం మీద భారం వేసి ఎన్నాళ్ళు నడుపుదాం? చేతులు కాలకముందే ఆకులు పట్టుకుందాం.