ములగచెట్టెక్కిన పడుచుదనం

పొగడ్త ఒక్కడి పని కాదు. పొగిడేవాడి నేర్పు ఎంతో, వినేవాడి ఆశ కూడా అంతే ఉండాలి. మన హాస్య రచయితల్లో చూపున్నవాళ్లు ఈ రెండోవాడినే ఎక్కువ పట్టించుకున్నారు. ఎవరికి ఏ మాట తియ్యగా ఉంటుందో, ఆ తీపి కోసం ఎవరెంత మోసపోతారో చెప్పడంలోనే వాళ్ల గొప్పతనం కనిపిస్తుంది. ఆ పొగిడేవాడు చేతిలో చిల్లిగవ్వ లేని పడుచువాడైతే, మాటే వాడి పెట్టుబడి. లేనిది కల్పించి చెప్పడం అప్పుడు వాడికి బతుకుతెరువు అవుతుంది. పొగడ్త, పడుచుదనం, కల్పన ఒక్క ముడిగా బిగుసుకున్నది అక్కడే. తెలుగులో ఆ ముడిని అందరికంటే బాగా విప్పి చూపించినవాడు ఉత్తరాంధ్రవాడు.

ఆ ఉత్తరాంధ్ర తీరాన భావనపాడు రేవు వెనకనున్న సీమ ఒకప్పుడు టెక్కలి, తర్లా, మందస, జలంత్ర, పర్లాకిమిడి వంటి జమీందారీల కింద ఉండేది. దక్షిణాన విజయనగరం సంస్థానం. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం దాకా ఈ దివాణాల చుట్టూ కవులు, పండితులు, గాయకులు, కొలువుల కోసం తిరిగేవాళ్లు ఉండేవారు. ప్రభువును మెప్పించే పద్యం పండితుడి ఇంట్లో పొయ్యి వెలిగించేది. కాబట్టి ఆ స్తుతినంతా నీచమని తోసిపుచ్చడం న్యాయం కాదు. భాగవతాన్ని రాజులకు అంకితమివ్వనన్న పోతనను, రాజసేవను చీదరించుకున్న ధూర్జటిని తెలుగువాళ్లు ఇన్ని శతాబ్దాలుగా తలుచుకుంటున్నారంటే, అలా అనగలిగినవాళ్లు ఎంత తక్కువో తెలుస్తుంది.

గురజాడ అప్పారావు విజయనగరం సంస్థానంలో కొలువు చేసినవాడు. దివాణపు మాటతీరు ఆయనకు రోజూ చెవిన పడేది. ఆయన ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శన పొందింది. 1897లో ఆనందగజపతి మహారాజుకు అంకితమై అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. ఇవాళ అందరూ చదివేది ఆ రెండో కూర్పునే. కొలువులో ఉండి, ప్రభువుకు అంకితమిచ్చిన పుస్తకంలోనే ముఖస్తుతి లోగుట్టునంతా బయటపెట్టడానికి గట్టి గుండె కావాలి.

ఆ నాటకంలో గిరీశం చేసే పని చూడండి. విజయనగరంలో అప్పులవాళ్ల బెడద తప్పించుకోవడానికి శిష్యుడు వెంకటేశం వెంట కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. వెంకటేశం పరీక్ష తప్పాడు. ఆ సంగతి ఇంట్లో తెలియకూడదు. కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని తల్లి వెంకమ్మకు ముచ్చట. గురుశిష్యులిద్దరూ ఆవిడ ఎదుట నిలబడి బడిపుస్తకాల్లోని పద్యాలు, పొడి వాక్యాలు ఒకరి తర్వాత ఒకరు వల్లిస్తారు. ఆ మాటలకు ఒకదానితో ఒకదానికి పొత్తు లేదు. గొంతులో మాత్రం ఏదో పెద్ద విషయం చర్చిస్తున్న ఠీవి. తల్లి మురిసిపోతుంది. ఆ మురిపెంలో ఆవిడ తప్పు ఏమీ లేదు. చదువు మీద పెట్టిన డబ్బు వృథా కాలేదని ఎవరైనా చెబితే బాగుండునని ఆవిడ ఎదురుచూస్తోంది. గిరీశం ఆ ఎదురుచూపును పసిగట్టి, అడిగినదే ఇచ్చాడు. తర్వాత వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్లు దగ్గర కోర్టు కాగితాల ఇంగ్లీషు పనికి వస్తానంటాడు. వ్యాజ్యాలే ఊపిరిగా బతికే ఆయన వాళ్ల మీద ఉన్న కోపాన్నంతా దిగమింగుతాడు. ఆయన వితంతు కూతురు బుచ్చమ్మ దగ్గర వితంతు వివాహం, లాయరు సౌజన్యారావు పంతులు దగ్గర సంఘ సంస్కారం. ఎవరికి ఏ మాట కావాలో ఆ మాటే. పైకి పాదాలంటి పొగిడినట్టే ఉండదు. అందుకే అది అంత బాగా పారుతుంది.

ఈ నాటకంలో ఇద్దరు కుర్రవాళ్లున్నారు. వాళ్లను పక్కపక్కన పెట్టి చూడవలసినంతగా విమర్శకులు చూడలేదనిపిస్తుంది. ఒకడు వెంకటేశం. గురువు వాడిని ములగచెట్టెక్కిస్తాడు, చుట్ట కాల్చడం నేర్పుతాడు, అబద్ధంలో తోడు తీసుకుంటాడు. వాడు మాత్రం ఒక్క అక్షరం ముక్క నేర్చుకోడు. రెండోవాడు కరటకశాస్త్రి శిష్యుడు. ముసలి లుబ్ధావధాన్లుకు తన మేనకోడలు సుబ్బిని అమ్మేస్తున్నారని తెలిసి, నాటకాలాడే కరటకశాస్త్రి ఈ పిల్లాడికి ఆడపిల్ల వేషం వేసి ఆ ముసలాడికే కట్టబెడతాడు. వేశ్య మధురవాణి తన కంటెను కూడా అరువిచ్చి సాయపడుతుంది. కుర్రవాడు ఆ ఇంట్లో ఆడపిల్లగా మెలగాలి, పట్టుబడకూడదు, అదను చూసి తప్పించుకోవాలి. ఇదీ కల్పనే, ఇదీ పచ్చి అబద్ధమే. కాని ఒక పిల్ల బతుకు దీని మీద ఆధారపడి ఉంది. గురువు వాడిని ఉబ్బించలేదు, కష్టమైన పని అప్పగించాడు. వాడు నెగ్గుకొచ్చాడు. గిరీశం కల్పన మాత్రం చివరికి సౌజన్యారావు గదిలో కూలిపోతుంది. మధురవాణితో అతని పాత సంబంధం తెలిసిన లాయరుగారు అతణ్ణి బయటికి పొమ్మంటారు. బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపడానికి నిశ్చయమవుతుంది.

ఉబ్బించని గురువు నాటకం బయట కూడా ఉన్నాడు. గురజాడతో కలిసి చదువుకున్న గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో మేష్టరు. భావనపాడుకు దగ్గరలోని నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు పడింది. ఆ రైలు చేరే ఊళ్లో కూర్చుని ఆయన పండితులకు ఇష్టంలేని పని చేశారు. గ్రాంథికం ఘనమని చెప్పే పుస్తకాల్లోనే ఎన్ని తప్పులున్నాయో ఏరి, పేర్లతో సహా చూపించారు. పండితులు ఆయనను శత్రువుగా చూశారు. ఆ తప్పులు ఒప్పుకొని దిద్దుకున్నవాళ్లకు మాత్రం ఆయన మేలే చేశారు.

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ నవల ఇంకో దారిన వెళ్లింది. మొగల్తూరు పడుచువాడు ప్రపంచం తెలియక తెలిసినట్టు నటిస్తాడు. ఇక్కడ వాడిని ఉబ్బించేది వేరే ఎవరూ కాదు, వాడి మనసే. తనకు తాను వేసుకునే పొగడ్త అంత హాని చేయదు. ఎందుకంటే వీధిలోకి వెళ్లగానే పగిలిపోతుంది. పార్వతీశం ప్రతి పేజీలోనూ పగిలిపోయి, మళ్లీ లేచి నడుస్తాడు. గిరీశాన్ని చూసి నవ్వితే భయం వేస్తుంది. ఇతణ్ణి చూసి నవ్వితే జాలి కలుగుతుంది.

శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కథకుడు చాసో ‘ఎంపు’ కథలో ఈ ముడి కింది అంచు దాకా వెళ్లాడు. ముష్టివాళ్లలో ఒక పడుచుపిల్ల కుంటివాడి మీద మనసుపడుతుంది. గుడ్డివాడైతే ముష్టి ఎక్కువ వస్తుందని తండ్రి బేరం చెబుతాడు. అక్కడ పొగడ్త లేదు, దాన్ని కొనడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. బతుకు లెక్క మాత్రమే ఉంది. ఆ లెక్కను నవ్వు చెడకుండా రాయడం చాసోకే సాధ్యమైంది.

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రాస్తున్న పడుచు చేతులకు కథలు కరువు కాదు. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడితోటలను పడగొట్టింది. కిడ్నీ జబ్బు ఇంటింటా కూర్చుంది. వేటకు గుజరాత్ దాకా పోయే మత్స్యకారులున్నారు. భావనపాడు పక్కనే మూలపేటలో పోర్టు పనులకు 2023లో శంకుస్థాపన జరిగింది. వీటి మీద మొదటి కథ రాసిన కుర్రవాడికి సభలో శాలువా, ముందుమాటలో మహారచయిత బిరుదు దొరుకుతున్నాయి. ఈ వాక్యం తీసెయ్యమని, ఈ పాత్ర మాట ఉద్దానం మాటలా లేదని, ముగింపు మళ్లీ రాయమని చెప్పేవాళ్లు దొరకడం లేదు. చదవకుండానే మెచ్చుకున్నవాడు ఆ కుర్రవాణ్ణి వెంకటేశాన్ని చేస్తున్నాడు. సాహిత్య పత్రికలు ఈ విషయంలో కరటకశాస్త్రి పక్షాన నిలబడాలి. కథను పంక్తి పంక్తీ చదివి, గుర్తులు పెట్టి, కారణం రాసి వెనక్కి పంపాలి. మళ్లీ వస్తే మళ్లీ చదవాలి.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాష్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం ఉంది. పాత పత్రికల్లో పడిన తెలుగు కథలు అక్కడ వేల సంఖ్యలో పదిలంగా ఉన్నాయి. భావనపాడు నుంచి బస్సెక్కితే ఒక్క పూటలో చేరుకోవచ్చు. ఎవరి పొగడ్తా అవసరంలేని కథలు ఎలా ఉంటాయో ఆ బీరువాల ముందు కూర్చుని చదివి తెలుసుకోవచ్చు.