'వెన్' పక్కన 'విల్' ఎందుకండీ?

'ఊరు చేరగానే ఫోన్ చేస్తాను.' బస్సెక్కే ప్రతివాళ్లూ ఇంట్లోవాళ్లతో చెప్పే మాటే ఇది. అదే మాట ఇంగ్లిష్‌లో చెప్పమంటే మాత్రం మనలో చాలామంది 'వెన్ ఐ విల్ రీచ్, ఐ విల్ కాల్ యు' అనేస్తారు. అవతలివాళ్లకు అర్థమవుతుంది, నిజమే. కానీ ఇంటర్వ్యూ గదిలోనో, ఆఫీసు మెయిల్‌లోనో ఆ మొదటి 'విల్' పంటికింద రాయిలా తగులుతుంది. 'వెన్ ఐ రీచ్, ఐ విల్ కాల్ యు'... ఇదీ సరైన వాక్యం.

'చేరేది రేపు కదా! జరగబోయే పనికి విల్ ఉండొద్దా?' అన్న సందేహం రావడం సహజమే. దానికి సమాధానం కోసం లావుపాటి గ్రామర్ పుస్తకం తిరగేయక్కర్లేదు. మన తెలుగు వాక్యాన్నే ఇంకోసారి చూడండి.

తాళంచెవి మన దగ్గరే!

'చేరగానే ఫోన్ చేస్తాను' అన్నప్పుడు అందులో రెండు పనులున్నాయి. చేరడం, ఫోన్ చేయడం. రెండూ రేపు జరిగేవే. కానీ ఆ సంగతి చెబుతున్నది 'చేస్తాను' ఒక్కటే. 'చేరగానే' అన్న మాటకు సొంతంగా కాలం లేదు. 'చేరగానే ఫోన్ చేశాను' అంటే నిన్నటి ముచ్చట. 'చేరగానే ఫోన్ చేస్తాను' అంటే రేపటిది. 'చేరగానే' మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది. బడిలో తెలుగు మాస్టారు 'అసమాపక క్రియ' అని చెప్పింది దీని గురించే.

'వచ్చినప్పుడు ఇస్తాను' అన్న మాట ఇంకా తమాషాగా ఉంటుంది. 'వచ్చిన' అన్నది చూడబోతే జరిగిపోయిన పనిలా ఉంది. అయినా ఇంకా రాని మనిషి గురించి నిక్షేపంగా వాడేస్తాం. 'రాబోయినప్పుడు ఇస్తాను' అని ఎవరూ అనరు.

ఇంగ్లిష్ చేసేదీ దాదాపు ఇదే. వెన్, ఆఫ్టర్, బిఫోర్, అంటిల్, యాజ్ సూన్ యాజ్... ఈ మాటలతో మొదలై, పని ఎప్పుడు జరుగుతుందో చెప్పే భాగాన్ని 'అడ్వర్బియల్ క్లాజ్ ఆఫ్ టైమ్' అంటారు. పేరు చూసి బెదిరిపోకండి. భవిష్యత్తు బరువంతా ప్రధాన వాక్యంలోని 'విల్' మోస్తుంది. ఈ ముక్కలో సింపుల్ ప్రెజెంట్ చాలు. తెలుగు ఇక్కడ కాలమే చెప్పదు, ఇంగ్లిష్ వర్తమానంతో సరిపెట్టుకుంటుంది. తేడా అంతే. పని పూర్తయ్యాకే అని నొక్కి చెప్పాలంటే 'హావ్' వాడొచ్చు. 'ఐ విల్ కాల్ యు వెన్ ఐ హావ్ ఫినిష్డ్ మై వర్క్' అన్నట్టు.

ఇంగ్లిష్ వాళ్లూ మొదటినుంచీ ఇలాగే మాట్లాడలేదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో 'వెన్' తర్వాత 'షల్' తరచుగా కనిపిస్తుంది. కాలం గడిచేకొద్దీ ఆ వాడుక తగ్గిపోయింది. ఒకే సంగతిని రెండుచోట్ల చెప్పడం ఎందుకనుకున్నారేమో!

'ఎప్పుడు' వేరు, 'అప్పుడు' వేరు

అలాగని 'వెన్ తర్వాత విల్ రానే రాదు' అని బట్టీపట్టేయకండి. 'ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్' అన్నది నూటికి నూరుపాళ్లు సరైన వాక్యమే. మరి ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసేయాలి? దీనికీ తెలుగే దారి చూపిస్తుంది.

'ఎప్పుడు వస్తాడో తెలియదు' అంటే అందులో ప్రశ్న దాగి ఉంది. అక్కడ 'విల్' ఉండొచ్చు. 'వచ్చినప్పుడు చెబుతాను' అంటే ప్రశ్న లేదు, సమయం మాత్రమే ఉంది. అక్కడ 'విల్' వద్దు. తెలుగులో 'ఎప్పుడు' పలికితే ఉంచండి, 'అప్పుడు' పలికితే తీసేయండి. పిల్లలకు ఈ ఒక్క చిట్కా నేర్పితే చాలు, సగం తప్పులు తగ్గిపోతాయి.

ఇక్కడ మాత్రం జాగ్రత్త

అన్నిచోట్లా తెలుగు ఇలా చెయ్యిపట్టుకుని నడిపిస్తుందనుకుంటే పొరపాటే. 'వర్షం పడకముందే ఇంటికి వెళ్దాం' అంటాం. ఈ 'పడక'లో 'కాదు' అన్న అర్థం దాక్కుని ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు దించేస్తే 'బిఫోర్ ఇట్ డజ్ నాట్ రెయిన్' అని తయారవుతుంది. ఇంగ్లిష్‌లో 'బిఫోర్'కి ఆ 'నాట్' అక్కర్లేదు. 'లెట్స్ గో హోమ్ బిఫోర్ ఇట్ రెయిన్స్' అనాలి.

'అంటిల్' సంగతీ అంతే. 'డాక్టరు చెప్పనంతవరకు మందు ఆపొద్దు' అని మనం అంటాం. ఇంగ్లిష్‌లో 'డోంట్ స్టాప్ ద మెడిసిన్ అంటిల్ ద డాక్టర్ టెల్స్ యు' అనాలి. 'టెల్స్' ఉండాల్సిన చోట 'డజ్ నాట్ టెల్' పెడితే చదివేవాళ్లు తికమకపడతారు. ఆపాలా, వాడాలా అన్నదే తేలదు.

ఉపాయం ఒకటుంది. ఇంగ్లిష్‌లోకి మార్చేముందు తెలుగు వాక్యాన్నే కాస్త తిప్పుకోండి. 'చెప్పనంతవరకు' అన్నదాన్ని 'చెప్పేదాకా' అనుకోండి. 'పడకముందు' అన్నదాన్ని 'పడేముందు' అనుకోండి. 'కాదు' మాయమవుతుంది. ఆ తర్వాత ఇంగ్లిష్ తప్పు పోదు.

ఇదంతా పరీక్షలో రెండు మార్కుల కోసమే అనుకోకండి. నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాల నుంచి ఎందరో గల్ఫ్‌కి పనికి వెళుతుంటారు. అక్కడ యంత్రం పక్కన 'డోంట్ స్విచ్ ఆన్ అంటిల్ ద గ్రీన్ లైట్ కమ్స్ ఆన్' అని రాసి ఉందనుకోండి. పచ్చదీపం వెలిగేదాకా స్విచ్ వేయొద్దని దాని అర్థం. 'అంటిల్'ని తలకిందులుగా అర్థం చేసుకుంటే చేతికే ప్రమాదం. అమ్మానాన్నల మందుల చీటీ మీద 'బిఫోర్' ఉందో 'ఆఫ్టర్' ఉందో చూడటం కూడా అలాంటిదే. చిన్న మాటలే, కానీ పని పెద్దది.

పెళ్లయినప్పటి నుంచి...

'పెళ్లయినప్పటి నుంచి ఇక్కడే ఉంటున్నాం.' ఇందులో 'ఉంటున్నాం' చూసి 'వీ ఆర్ లివింగ్ హియర్' అని మొదలుపెట్టేస్తాం. కానీ 'సిన్స్' వచ్చిందంటే ప్రధాన వాక్యంలో 'హావ్' ఉండాలి. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతోందని చెప్పేది అదే. 'వీ హావ్ లివ్డ్ హియర్ సిన్స్ వీ గాట్ మ్యారీడ్.' 'సిన్స్' పక్కనున్న పెళ్లి మాత్రం ఒకనాడు జరిగిపోయింది కాబట్టి, అక్కడ పాస్ట్ టెన్సే.

ఇంకొక్క మాట. తెలుగులో సమయం చెప్పే ముక్క మామూలుగా ముందే వస్తుంది. ఇంగ్లిష్‌లో ముందూ రావచ్చు, వెనకా రావచ్చు. ముందు వస్తే రాతలో కామా పెట్టండి. వెనక వస్తే సాధారణంగా అక్కర్లేదు.

ఇంగ్లిష్ రావాలంటే తెలుగు మర్చిపోవాలని కొందరు పిల్లలకు నూరిపోస్తుంటారు. 'ఇంట్లో తెలుగు మాట్లాడొద్దు' అని ఆంక్షలూ పెడతారు. కానీ చూశారుగా! 'చేరగానే', 'వచ్చినప్పుడు', 'చెప్పేదాకా' అన్న మాటలు సరిగ్గా పలికే పిల్లాడికి ఇంగ్లిష్ వాక్యం కూడా సగం వచ్చినట్టే. తెలుగు బాగా తెలిసినవాళ్లకే రెండు భాషలూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తెలుస్తుంది.

ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని కింది వాక్యాలు ఇంగ్లిష్‌లో చెప్పి చూడండి. జవాబులు ముందే చూడకూడదు సుమా!

1. వాన తగ్గాక బయల్దేరదాం.
2. నాన్న వచ్చేదాకా నేను తినను.
3. రైలు ఎప్పుడు వస్తుందో కనుక్కో.
4. ఫలితాలు రాగానే నీకు మెసేజ్ పెడతాను.
5. నేను వంట చేస్తుండగా కరెంటు పోయింది.

జవాబులు:

1. లెట్స్ స్టార్ట్ ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్స్.
2. ఐ వోంట్ ఈట్ అంటిల్ డాడ్ కమ్స్.
3. ఫైండ్ ఔట్ వెన్ ద ట్రెయిన్ విల్ కమ్. ('ఎప్పుడు' ఉంది కాబట్టి 'విల్' ఉంది.)
4. ఐ విల్ మెసేజ్ యు యాజ్ సూన్ యాజ్ ద రిజల్ట్స్ కమ్ ఔట్.
5. వైల్ ఐ వాజ్ కుకింగ్, ద పవర్ వెంట్ ఆఫ్. (సమయం ముందొచ్చింది, కామా పడింది.)

అయిదుకి అయిదూ వచ్చాయా? అయితే ఈసారి ఊరెళ్లేటప్పుడు 'వెన్ ఐ రీచ్' అని ధీమాగా చెప్పండి. చేరగానే ఫోన్ చేయడం మాత్రం మర్చిపోకండి!