ఆకలి కూడా బలవంతమే

వెట్టిచాకిరీ అనగానే మనకు దొర గడీ, అప్పుపత్రం, తరాల తరబడి ఊడిగం చేసిన జీతగాడు గుర్తుకొస్తారు. ఆ కాలం పోయిందనుకుంటాం. కాని ప్రభుత్వం నిర్ణయించిన కనీస కూలికంటే తక్కువిచ్చి పని చేయించుకుంటే అదీ వెట్టిచాకిరీయే. యీ మాట అన్నది ఏ కూలి సంఘమో కాదు, సాక్షాత్తూ సుప్రీంకోర్టు.

1982లో ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో పెద్ద పెద్ద కట్టడాలు లేచాయి. రాళ్ళెత్తిన కూలీలకు రోజుకు దక్కవలసింది 9 రూపాయల 25 పైసలు. అందులో ఒక రూపాయి జమాదార్లు కమీషను కింద కొట్టేసేవారు. కేసు సుప్రీంకోర్టు కెక్కింది. ఆ ఏడు సెప్టెంబరు 18న జస్టిస్ భగవతి, జస్టిస్ బహరుల్ ఇస్లాం తీర్పు చెప్పారు. "ఎవరూ కర్ర పట్టుకొని తోలలేదు గదా, వాళ్ళంతట వాళ్ళే వచ్చారు గదా" అనే వాదన చెల్లదన్నారు. ఆకలి, పేదరికం మనిషికి మరో దారి లేకుండా చేసి తక్కువ కూలికి పనిలోకి నెడితే అదీ బలవంతమే. దాన్ని రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించింది. తీర్పు సారం యిదీ.

మరి పని యిచ్చేది ప్రభుత్వమే అయితే? దీనికి జవాబు 1983లో వచ్చింది. రాజస్థాన్‌లో కరువు పనికి రోడ్డు వేసిన కూలీల కేసు అది. అక్కడ రోజు కనీస కూలి 7 రూపాయలు. కాని ముఠా మొత్తం చేసిన పనిని కొలిచి, వచ్చిన డబ్బు తలా యింత పంచేవారు. ఒళ్ళు దాచుకోకుండా పనిచేసినవాడికి కూడా 7 రూపాయలు దక్కేవి కావు. పైగా కరువు పనులకు కార్మిక చట్టాలు వర్తించవని ఆ రాష్ట్రం 1964లోనే ఒక చట్టం చేసి పెట్టుకుంది. "యిది ఉద్యోగం కాదు, సహాయం" అన్నది సర్కారు. కూలీల నిస్సహాయతను ప్రభుత్వం సొమ్ము చేసుకోరాదని కోర్టు చెప్పింది. కనీస వేతనాన్ని ఎగవేసే మేరకు ఆ చట్టం చెల్లదన్నది.

యింత స్పష్టంగా చెప్పినా పాలకులు పక్కదారి వెతికారు. 2005 ఉపాధి హామీ చట్టం మంచిదే, పోరాడి తెచ్చుకున్నదే. కాని అందులో 6వ సెక్షను కింద, కనీస వేతనాల చట్టంతో నిమిత్తం లేకుండా కేంద్రమే కూలి రేటు నిర్ణయించవచ్చునని రాసుకున్నారు. 2009 జనవరి 1 నుంచి ఆ అధికారాన్ని వాడారు. అదే సంవత్సరం మన హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. 2011 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు కనీస కూలి యిచ్చి తీరాలన్నది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే యివ్వలేదు. అయినా కేంద్రం తన రేటు తాను ప్రకటిస్తూనే వచ్చింది. ఎన్నో రాష్ట్రాల్లో అది పొలం పని కనీస కూలికంటే తక్కువే.

చట్టంలో రాసి వుంది గదా అని అధికారులంటారు. రాజ్యాంగం కంటే చట్టం పెద్దదా? 1983 తీర్పు తేల్చింది సరిగ్గా ఆ ప్రశ్ననే.

యిప్పుడు చట్టాల పేర్లే మారుతున్నాయి. 1948 నాటి కనీస వేతనాల చట్టాన్ని వేతనాల కోడ్‌లో కలిపేశారు. 2025 నవంబరు 21 నుంచి అది అమలులోకి వచ్చింది. అదే ఏడు డిసెంబరులో ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. 125 రోజుల పని అన్నారు. కాని నాట్లు, కోతల కాలంలో 60 రోజులు పనులు ఆపవచ్చునన్నారు. కూలి రేటు పెత్తనం మళ్ళీ కేంద్రానిదే. సీజనులో పనులు మూస్తే, "యింత యిస్తేనే వస్తాం" అని కూలి అనగలిగే బలం పోదా?

"కూలి రేట్లు పెరిగి మేము మునుగుతున్నాం" అని చిన్నరైతు అనవచ్చు. ఆయన బాధ నిజమే. కాని ఆయనను ముంచుతున్నది గిట్టుబాటు కాని ధర, కౌలు, వడ్డీ. కూలి తల్లి కడుపు మాడిస్తే పత్తి ధర పెరగదు. రైతుకు మద్దతు ధర, కూలికి కనీస కూలి: రెండూ ఒకే చోట అడగాల్సిన హక్కులు.

తీర్పులు నడిచి మన వూరికి రావు, మనమే తెచ్చుకోవాలి. మస్టరులో ఎన్ని రోజులు పడ్డాయో, కొలత ఎంత రాశారో, చేతికెంత వచ్చిందో ప్రతి ముఠా రాసి పెట్టుకోవాలి. తక్కువ వస్తే నోటిమాటగా వదలక, అర్జీ యిచ్చి తేదీ వేసిన రశీదు తీసుకోవాలి. ఆ అర్జీలో 23వ అధికరణ, 1982, 1983 తీర్పులు రాయాలి. ఒక్కడు అడిగితే గదమాయిస్తారు. పేటంతా కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు. చట్టాల పేర్లు ఎన్ని మారినా 23వ అధికరణ మారలేదు. తక్కువ కూలి యిచ్చేది దొర అయినా, ప్రభుత్వమైనా దాని పేరు వెట్టే.