డేటాబేస్‌లో ఉన్నా రహస్యం రహస్యమే

మానసిక చికిత్సా కేంద్రంలో పనిచేసే కౌన్సిలర్‌కి ఒక నీతి నియమావళి ఉంటుంది. రోగి చెప్పింది బయటికి పొక్కనివ్వకూడదు. అవసరం లేని ఫైలు తెరవకూడదు. మరి ఆ కేంద్రానికి సాఫ్ట్‌వేర్ రాసే మనకో? అమెరికాలో కన్సల్టెంట్‌గా పనిచేస్తున్న నా దృష్టిలో అదే నియమావళి మనకీ వర్తించాలి.

1996 నాటి హిపా చట్టం కింద 2013లో మారిన నిబంధనలు కాంట్రాక్టు సంస్థలని కూడా నేరుగా బాధ్యుల్ని చేశాయి. అయినా డెడ్‌లైన్ తరుముతుంటే అసలు రికార్డులనే టెస్ట్ డేటాబేస్‌లోకి కాపీ చేసేవాళ్ళున్నారు. “పేర్లు తీసేశాం కదా” అంటారు. హిపా చూపిన ఒక పద్ధతి ప్రకారం తీసేయాల్సిన గుర్తులు 18 రకాలు. ఫోన్ నంబరూ, ఐపీ అడ్రసూ అందులోవే.

ఫిన్లండ్‌లో వాస్టామో అనే సైకోథెరపీ సంస్థ రికార్డులు దొంగల పాలయ్యాక, 2020లో బెదిరింపు ఈమెయిళ్ళు నేరుగా రోగులకే వచ్చాయి. క్రెడిట్ కార్డు పోతే బ్యాంకు కొత్తది ఇస్తుంది. థెరపిస్టుతో చెప్పుకున్న మాట బయటపడితే?

కాంట్రాక్టు పోతుందన్న భయం, వీసా బెంగ నాకూ తెలుసు. అందుకే క్లయింటుతో పేచీ పెట్టుకోమనను. ఉత్తుత్తి డేటా తయారుచెయ్యడానికీ, ఎవరు ఏ రికార్డు చూశారో లాగ్ రాయడానికీ పట్టే నాలుగు రోజులూ మొదటి ఎస్టిమేట్‌లోనే వేద్దాం.