ఒక్కపూట పరీక్షకు అందని పిల్లలు

నిన్న రాగిసంగటి గిన్నె ఖాళీ చేసిన పిల్లోడు ఈరోజు ముద్ద దగ్గరికి తెస్తేనే మొహం తిప్పుకుంటాడు. మిక్సీ మోతకు చెవులు మూసుకునేవాడే పళ్లెం తిరగేసి గరిటెతో దడదడలాడిస్తాడు. ఇంట్లో గలగలా మాట్లాడే పాప అంగన్‌వాడీలో నోరు విప్పదు. కర్ణాటక సరిహద్దున పెద్దతిప్పసముద్రం నుంచి కుప్పం దాకా ఇలాంటి పిల్లలపై పెద్దల తీర్పు ఒకటే: ‘కావాలంటే చేస్తాడు, వట్టి మొండోడు’. ఒకసారి చేయగలిగినవాడు ఎప్పుడైనా చేయగలడన్నది దాని వెనకున్న లెక్క. ఆ లెక్కే తప్పు.

పసివాళ్ల ఓర్పు పూటపూటకూ మారుతుంది. నిద్ర చాలకపోయినా, జలుబు చేసినా, చుట్టూ కొత్త ముఖాలున్నా అది తగ్గుతుంది. కొందరికి చప్పుడు, వెలుతురు, బట్టల గరుకుదనం, తిండి జిగట మామూలుకన్నా ఎక్కువగా తగులుతాయి. కొందరికి తక్కువగా తగులుతాయి కాబట్టి గిరగిరా తిరుగుతారు, గోడలకు గుద్దుకుంటారు. ఒకే బిడ్డలో ఈ రెండూ ఉండొచ్చు. పళ్లెం మోత వాడి చేతిలోనిది, ఎప్పుడు ఆపాలో వాడికి తెలుసు. మిక్సీ చెప్పకుండా మోగుతుంది. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరలో డప్పులు మోగినప్పుడు నవ్వుతూ నిలబడ్డవాడు మర్నాడు చిన్న గోలకే కూలబడితే, అది నాటకం కాకపోవచ్చు. ముందురోజు అలసట ఇంకా తీరకపోయి ఉండొచ్చు.

అమెరికాలో జీన్ ఏయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు 1972లో వెలువరించిన పుస్తకంతో, ఇంద్రియాల స్పందన బిడ్డబిడ్డకూ మారుతుందన్న ఈ ఆలోచనకు ఒక రూపం వచ్చింది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఇంద్రియాల అతిస్పందన, అల్పస్పందనలను ఆటిజం లక్షణాల్లో చేర్చింది. అలాగని చెవులు మూసుకున్న ప్రతి బిడ్డకూ ఆటిజం ఉన్నట్టు కాదు. ఇలాంటి ఇంద్రియ (‘సెన్సరీ’) సమస్యను విడిగా ఒక జబ్బుగా నిర్ధారించవద్దని, దానికిచ్చే థెరపీకి ఆధారాలు పరిమితమని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లోనే హెచ్చరించింది. అప్పుచేసి బెంగళూరులో నెలల తరబడి థెరపీకి డబ్బు కట్టే ముందు తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

అంతకన్నా ముందు చూడాల్సినవి మామూలు విషయాలు. జలుబు చేసినప్పుడు చెవి లోపల నీరు చేరితే వినికిడి ఒకరోజు తగ్గి, మరోరోజు బాగుంటుంది. పిలిస్తే ఒకసారి పలికి, ఇంకోసారి పలకని బిడ్డకు మొదట చేయించాల్సింది చెవి పరీక్ష. ఆడుతూ ఆడుతూ కొన్ని క్షణాలు శూన్యంలోకి చూసి, మళ్లీ ఏమీ ఎరగనట్టు ఆటలో పడితే అది ఒక రకం మూర్ఛ కావొచ్చు, దానికి మందులున్నాయి. రక్తహీనత వల్లా చిరాకు పెరుగుతుంది, కొందరు మన్ను తింటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 63 శాతం మందికి రక్తహీనత ఉంది. తాయెత్తు కట్టినా, తిట్టినా, కొట్టినా ఇవేవీ తగ్గవు.

ఇక వ్యవస్థ సంగతి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లయినా అంగన్‌వాడీ పిల్లల్ని చూడాలి. ఎదుగుదల లోపాలు కనిపిస్తే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. ఏర్పాటు మంచిదే. కానీ బృందం వచ్చేది ఒక్కపూట. ఆ పూట బాగున్న బిడ్డ ‘బాగున్నాడు’ కిందే జమవుతాడు. రోజుకో తీరుగా ఉండటమే సమస్య అయిన పిల్లలు సరిగ్గా ఇక్కడే జారిపోతారు. తల్లిదండ్రులు బెంగళూరు పనులకు వెళ్లగా అవ్వాతాతల దగ్గర పెరిగే పిల్లల సంగతి మరీ కష్టం. బిడ్డ కథంతా తెలిసినవాళ్లు ఒక్కరూ డాక్టరు ఎదుట ఉండరు.

దీనికి కొత్త పథకం అక్కర్లేదు. అంగన్‌వాడీ కార్యకర్త బిడ్డను నెలల తరబడి చూస్తుంది. అనుమానమున్న పిల్లల గురించి రెండు వారాలపాటు ఆమె, ఇంట్లోవాళ్లు రాసిన వివరాలను వైద్య బృందం పరీక్షలో భాగంగా తీసుకోవాలి. ఎప్పుడు చిరాకు పడ్డాడు, అంతకుముందు ఏం జరిగింది, ఎంతసేపు నిద్రపోయాడు, ఏం తిన్నాడు, ఎలా తేరుకున్నాడు: ఈ అయిదు సంగతులు చాలు. చదువురాని అవ్వ నోటితో చెబితే కార్యకర్త రాసుకోవచ్చు. కర్ణాటక సరిహద్దు మండలాల నుంచి కూలి మానుకుని జిల్లా కేంద్రానికి తిరగడం అందరివల్లా కాదు. నెలకొకసారైనా థెరపిస్టును ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రానికి పంపితే ఆ భారం తగ్గుతుంది.

ఒక్క మినహాయింపు. ఏడాది నిండినా పేరు పిలిస్తే అసలే తిరగని బిడ్డను, అంతకుముందు వచ్చిన మాటలు పోగొట్టుకున్న బిడ్డను వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి. రెండు వారాల రాత కోసం ఆగకూడదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించింది. ఆ హక్కులు అందాలంటే ముందు బిడ్డను గుర్తించాలి. కాబట్టి ‘మొండోడు’ అని తీర్పు చెప్పే ముందు పెద్దలు రెండు వారాలు గమనించాలి. ఆ గమనింపును నమోదు చేసుకునే బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలి.