పేరెవరిదన్న పోరే.. ఊరేదన్న ఊసేది?
ఆసియా కప్ జట్టు ఎంపికపై అభిమానుల వాదనల్లో మరుగునపడిన ప్రశ్న

నిజామాబాద్: సౌదీ అరేబియా వేదికైన 2027 ఆసియా కప్ ఫుట్‌బాల్ పోటీలకు భారత పురుషుల జట్టు అర్హత సాధించలేకపోయిన సంగతి విదితమే. 2025 అక్టోబరు 14న గోవాలోని ఫతోర్డా మైదానంలో సింగపూర్ చేతిలో 1-2 తేడాతో పరాజయం పాలవడంతో ఆ ఆశ అడుగంటింది. ఫలితంగా పెద్ద టోర్నీకి ముందు ఎవరిని తీసుకోవాలి, ఎవరిని పక్కన పెట్టాలి అని వాదులాడుకొనే భాగ్యం కూడా అభిమానులకు ఈ దఫా దక్కలేదు. అటువంటి వాదన చివరిసారిగా హోరాహోరీగా సాగింది 2023 డిసెంబరు, 2024 జనవరి మాసాల్లో. నాటి వాదోపవాదాలను తిరగేసి చూస్తే ఒక విచిత్రం గోచరిస్తుంది. ఇరవై ఆరు పేర్ల మీద దేశమంతా తలోమాట అన్నది. ఆ పేర్లు ఏయే ప్రాంతాల నుంచి వస్తున్నాయి, ఏయే ప్రాంతాల నుంచి రావడం మానేశాయి అన్న విషయాన్ని మాత్రం పట్టించుకున్నవారు బహు తక్కువ. తెలుగువారికి సంబంధించినంత వరకు అసలు సంగతి అక్కడే ఉంది.

జాబితా వచ్చింది.. జగడం మొదలైంది

ఖతార్‌లో జరిగిన ఆసియా కప్ కోసం అప్పటి కోచ్ ఇగోర్ స్టిమాచ్ 2023 డిసెంబరు 30న 26 మందితో జట్టును ప్రకటించాడు. అప్పటికి అభిమానుల అంచనాలు తారస్థాయిలో ఉన్నాయి. ఆ ఏడాదే భారత్ ఇంఫాల్‌లో ముక్కోణపు టోర్నీని, భువనేశ్వర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్‌ను, బెంగళూరులో శాఫ్ చాంపియన్‌షిప్‌ను వరుసగా గెలుచుకుంది. ఫిఫా ర్యాంకుల్లో తొలి వంద జట్లలోకి చేరింది. గెలుపు రుచి చూసిన అభిమాని జాబితాను భూతద్దంతో చూడటం సహజమే.

కోల్‌కతా అభిమానులు మోహన్‌బగాన్ ఆటగాళ్లను లెక్కించారు, ఏడుగురు తేలారు. ముంబయి సిటీ నుంచి ఆరుగురు ఉన్నారు. కేరళ బ్లాస్టర్స్, బెంగళూరు, గోవా జట్లకు మూడేసి చోట్లు దక్కాయి. క్లబ్బులో నిత్యం బరిలోకి దిగే ఆటగాడిని కాదని, అక్కడ ఎక్కువ సమయం బెంచీకే పరిమితమవుతున్న ఇషాన్ పండితను ఫార్వర్డ్‌గా ఎంపిక చేయడం ఏమిటన్న విమర్శ గట్టిగా వినిపించింది. అన్వర్ అలీ, జీక్సన్ సింగ్, ఆషిక్ కురునియన్ గాయాలతో దూరమవడం మరో దెబ్బ. వీరి స్థానాలు ఎవరితో భర్తీ అవుతాయన్న దానిపై ఎవరి క్లబ్బు అభిమానం వారు ప్రదర్శించారు.

అన్నింటినీ మించిన వాదన సునీల్ ఛెత్రి గురించి. అప్పటికి అతని వయసు 39 ఏళ్లు. కెప్టెన్‌గా అతని సేవలను శంకించినవారు లేరు. కానీ ఆస్ట్రేలియా డిఫెండర్ల ముందు 90 నిమిషాల పాటు పరుగులు తీయగలడా, కొత్తవారికి దారి ఇవ్వాల్సిన సమయం రాలేదా అని ఒక వర్గం ప్రశ్నించింది. అతను తప్పుకుంటే గోల్ కొట్టేదెవరో పేరు చెప్పండని మరో వర్గం ఎదురు ప్రశ్న వేసింది. ఆ ఎదురు ప్రశ్నకు సమాధానం నాడూ రాలేదు, ఆ తరువాతా రాలేదు.

జాతకాల ముచ్చట ఒకటి ఈ చర్చకు ఉప్పూకారం అద్దింది. 2022 జూన్‌లో అఫ్గానిస్థాన్‌తో జరిగిన ఆసియా కప్ అర్హత మ్యాచ్‌కు ముందు కోచ్ ఆటగాళ్ల జాబితాను ఒక జ్యోతిషునికి పంపి, ఎవరికి గ్రహబలం ఉందో తెలుసుకున్నాడని ఒక జాతీయ ఆంగ్ల దినపత్రిక 2023 సెప్టెంబరులో కథనం ప్రచురించింది. ఆ మ్యాచ్‌లో భారత్ చివరి నిమిషాల్లో 2-1తో గెలిచింది. దీంతో తమ అభిమాన ఆటగాడికి చోటు దక్కనప్పుడల్లా ‘రాశి కలవలేదేమో’ అని ఎద్దేవా చేయడం అభిమానులకు పరిపాటిగా మారింది. పెళ్లిసంబంధాలకు జాతకాలు చూసే దేశంలో జట్టు ఎంపికకూ చూస్తే తప్పేమిటని సర్దిచెప్పినవారూ లేకపోలేదు!

గోల్ లేని టోర్నీ

2024 జనవరి 13న, భోగికి ముందు రోజు సాయంత్రం, ఆస్ట్రేలియాతో తొలి మ్యాచ్ జరిగింది. విరామం వరకు భారత రక్షణ శ్రేణి గట్టిగా నిలబడి గోల్ ఇవ్వలేదు. ద్వితీయార్ధంలో 0-2తో ఓటమి తప్పలేదు. ఉజ్బెకిస్థాన్ మూడు గోల్స్‌నూ ప్రథమార్ధంలోనే చేసి 3-0తో గెలిచింది. సిరియా చేతిలో 0-1. మూడు మ్యాచ్‌లు, ఆరు గోల్స్ సమర్పణ, కొట్టినవి శూన్యం. 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్‌పై 4-1తో గెలిచిన జట్టు ఐదేళ్లలో ఈ స్థితికి చేరింది.

ఓటమి అనంతరం అభిమానులు మళ్లీ పేర్ల వద్దకే వచ్చారు. ఫలానావాడు ఉంటే సిరియాపై గోల్ వచ్చేదని కొందరు, ఫలానావాడిని ముందే దించాల్సిందని కొందరు. వాస్తవానికి కోచ్ ముందున్న ఎంపిక అవకాశాలే బహు స్వల్పం. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఒక్కో క్లబ్బు ఒకేసారి నలుగురు విదేశీయులను మైదానంలోకి దించవచ్చు. ఆ నలుగురిలో ఒకరు దాదాపుగా ప్రతి క్లబ్బులోనూ ప్రధాన స్ట్రైకరే. గోల్ కొట్టే పని పొరుగుదేశం వానికి అప్పగించి, భారత కుర్రాడిని పక్క వరుసలో పరుగులు తీయిస్తారు. ఏడాదంతా అలా ఆడినవాడిని జనవరిలో జాతీయ జట్టుకు తెచ్చి నడిమధ్యన నిలబెట్టి గోల్ కొట్టమంటే ఎక్కడ నుంచి కొడతాడు? పైగా సన్నాహానికి నాలుగు వారాలు కావాలని కోచ్ కోరితే, లీగ్ మ్యాచ్‌లు డిసెంబరు చివరి దాకా సాగడంతో అందులో సగం సమయమే చిక్కింది.

ఈ లోటును పూడ్చేందుకు విదేశాల్లో స్థిరపడిన భారత సంతతి ఆటగాళ్లను తీసుకోవాలని స్టిమాచ్ పదేపదే కోరాడు. మన చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. భారత పాస్‌పోర్టు లేనిదే దేశానికి ఆడే వీలు లేదు. జపాన్‌లో పుట్టి భారత పౌరసత్వం స్వీకరించిన ఇజుమి అరాటా 2013లో భారత్‌కు ఆడాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన ర్యాన్ విలియమ్స్ 2025లో ఆ దేశ పౌరసత్వాన్ని వదులుకొని మన పౌరసత్వం తీసుకున్నాడు. అభిమానుల్లో పెక్కుమంది ఈ మార్గాన్ని స్వాగతించారు. ఒకరిద్దరితో ఒక జట్టు బాగుపడవచ్చు, కాని ఇంటి బావి ఎండిపోతే ట్యాంకరు నీళ్లతో ఎన్నాళ్లు గడుస్తుంది?

అనంతర పరిణామాలు ఈ అనుమానాన్ని బలపరిచాయి. 2024 మార్చిలో గువాహటిలో అఫ్గానిస్థాన్ చేతిలో 1-2తో ఓటమి. భారత్ చేసిన ఆ ఒక్క గోల్ ఛెత్రిదే. జూన్‌లో ఛెత్రి రిటైరయ్యాడు, అదే నెలలో స్టిమాచ్‌పై వేటు పడింది. తరువాత వచ్చిన మనోలో మార్కెజ్ 2025 మార్చిలో 40 ఏళ్ల ఛెత్రిని రిటైర్‌మెంట్ నుంచి వెనక్కి పిలిచాడు. అభిమానులు మళ్లీ రెండుగా చీలిపోయారు. ఆ సీజన్ లీగ్‌లో భారతీయుల్లో అత్యధిక గోల్స్ చేసింది ఛెత్రేనన్న వాస్తవం ముందు ఆ వాదన వెలవెలబోయింది. బంగ్లాదేశ్‌తో డ్రా, హాంకాంగ్ చేతిలో 0-1 ఓటమి, కోచ్ మారాక సింగపూర్‌తో డ్రా, చివరకు ఫతోర్డా పరాజయం. ముగ్గురు కోచ్‌లు, మూడు రకాల జాబితాలు, ఫలితం ఒక్కటే.

జాబితాలో మనమెక్కడ?

2024 ఆసియా కప్‌కు వెళ్లిన 26 మందిలో తెలుగు నేలతో సంబంధం ఉన్న పేరు ఒక్కటే. అదీ ఛెత్రిదే. సైనికోద్యోగి కుమారుడైన అతను 1984లో సికింద్రాబాద్‌లో జన్మించాడు. ఆట నేర్చుకున్నది, ఎదిగింది ఇతర ప్రాంతాల్లోనే. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటగాడిగా జాబితాకెక్కిన నిఖిల్ పూజారి కూడా తెలుగువాడు కాదు.

అదే జాబితాలో మిజోరం నుంచి ముగ్గురు ఉన్నారు: ఛాంగ్టే, లాలెంగ్‌మావియా, లాల్‌చుంగ్‌నుంగా. మణిపుర్ నుంచీ ముగ్గురు. 2011 జనాభా లెక్కల ప్రకారం మిజోరం జనాభా 11 లక్షల లోపే. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా ఒక్కదాని జనాభా 25 లక్షల పైచిలుకు. రెండింతలకు మించిన జనమున్న ఒక జిల్లా నుంచి, ఆ మాటకొస్తే రెండు తెలుగు రాష్ట్రాల నుంచి, ఆటగాడు లేకపోవడాన్ని కోచ్ పక్షపాతంతోనో, గ్రహచారంతోనో వివరించలేము. మిజోరంలో 2012లో రాష్ట్ర స్థాయి ప్రీమియర్ లీగ్ ప్రారంభమైంది. రెండేళ్లకే ఆ రాష్ట్రం సంతోష్ ట్రోఫీ గెలిచింది. 2017లో ఐజ్వాల్ ఎఫ్‌సీ ఐ-లీగ్ విజేతగా నిలిచింది. ఆ క్లబ్బును నడిపించిన కోచ్ ఖాలిద్ జమీలే 2025 ఆగస్టులో జాతీయ జట్టు బాధ్యతలు చేపట్టాడు. మన జిల్లాల్లో పాఠశాల పోటీలు, మండల స్థాయి ఎంపికలు ముగిశాక కుర్రాడు ఏడాది పొడవునా ఆడేందుకు లీగ్ అన్నదే అరుదు. ఇంటర్ చేరగానే బూట్లు అటకెక్కుతున్నాయి.

ఒకనాడు పరిస్థితి ఇందుకు పూర్తి భిన్నం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అజీజుద్దీన్, నూర్ మహ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాదీలు లేనిదే నాటి జాతీయ జట్టు లేదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపైనా, పెరూపైనా గోల్స్ చేశాడు.

ఎంపిక అంటే ఏమిటో రహీం 1962 జకార్తాలో చూపించారు. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ఇంటికి పంపలేదు, సెమీఫైనల్ నుంచి ఫార్వర్డ్‌గా మార్చారు. ఫైనల్‌కు గోల్‌కీపర్‌నూ మార్చి, అస్వస్థత నుంచి కోలుకున్న పీటర్ తంగరాజ్‌ను దించారు. దక్షిణ కొరియాపై 2-1 విజయంలో ఒక గోల్ జర్నైల్‌దే. అంతటి సాహసం చేయగలిగారంటే ఆయన చేతిలో అక్కరకొచ్చే ఆటగాళ్లు మెండుగా ఉండటమే కారణం. 2024 ఏప్రిల్‌లో ‘మైదాన్’ హిందీ చిత్రం విడుదలయ్యాక గానీ నేటి తరంలో చాలామందికి ఆయన పేరు తెలియలేదు.

ఆతిథ్యానికి లోటు లేదు

విడ్డూరమేమిటంటే 2024లో ఫుట్‌బాల్ వేడుకలన్నీ హైదరాబాద్ చెంతకే వచ్చాయి. సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్, నవంబరులో మలేసియాతో మ్యాచ్, డిసెంబరు 31న బెంగాల్, కేరళ మధ్య సంతోష్ ట్రోఫీ ఫైనల్ ఇక్కడే జరిగాయి. మైదానం మనది, ఆడింది ఇతరులు. 2019లో ఆవిర్భవించి 2022లో సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, జీతాలు చెల్లించలేని ఆర్థిక సంక్షోభంలో చిక్కుకుంది. యాజమాన్యం మారాక 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు సైతం మార్చుకుంది. జాతీయ జట్టుకు తెలుగు కుర్రాడిని ఒక్కడినీ అందించకుండానే ఆ ముచ్చట ముగిసింది. ఐ-లీగ్‌లో శ్రీనిది డెక్కన్ 2022-23, 2023-24 సీజన్లలో రెండో స్థానంలో నిలవడం కాస్త ఊరట.

పురుషుల జాబితాలో కానరాని జిల్లా పేరు మహిళల జాబితాలో కనిపించడం విశేషం. కిసాన్‌నగర్ తండాకు చెందిన గుగులోతు సౌమ్య భారత జట్టులో స్థానం సంపాదించి, 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకుంది. 2025 జులై 5న థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి 2026 మహిళల ఆసియా కప్‌కు అర్హత పొందిన బృందంలో ఆమె సభ్యురాలు. ఛెత్రి ఉండాలా వద్దా అని తెల్లవార్లూ తర్కించిన అభిమానుల్లో ఎందరు ఆ మ్యాచ్ చూశారన్నది వేరే సంగతి. ఆట కోసం సౌమ్య కేరళలోని గోకులం క్లబ్బుకు, అక్కడి నుంచి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు, తిరిగి వచ్చాక కోల్‌కతాలోని ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాల్సి వచ్చింది.