అమ్మానాయనల్ని అడవికి తీసుకుపోండి

కొలిమిగుండ్ల పిల్లలారా! చదువుకని నంద్యాలకూ, కొలువుకని హైదరాబాదుకూ, ఆ మీదట డల్లాసుకో మెల్‌బోర్నుకో ఎగిరిపోయిన తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీతో ఒక పని ఉంది. వీసా వచ్చిందని, ఆరు నెలలుండి పోదామని మీ అమ్మానాయనలు మీ దగ్గరికి వస్తారు. వచ్చి ఏం చేస్తారో ఎప్పుడైనా చూశారా? మీరు ఆఫీసుకు, మనవళ్లు బడికి. మూడో అంతస్తు కిటికీలోంచి పార్కింగులో కార్లు లెక్కపెట్టుకుంటూ ఇద్దరు కూర్చుంటారు. శనాదివారాలు వస్తే ఒక గుడి, ఒక మాల్, ఎవరింట్లోనో పుట్టినరోజు. నెల తిరక్కముందే నాయన మెల్లగా అడుగుతాడు, "టికెట్టు కొంచెం ముందుకు జరపడానికి అవుతాదా అబ్బీ?" అని.

జరపద్దు. గుడారం కొనండి. అడవికి తీసుకుపోండి.

"అమ్మకు మోకాళ్ల నొప్పులు, టెంటులో ఎట్లా?" అంటారు. టెంటు మీకు కొత్త గానీ వాళ్లకు కాదు. మన నాపరాళ్ల మిద్దె ఎండాకాలం ఎట్లుంటుందో గుర్తు తెచ్చుకోండి. పగలంతా కాగిన బండ పొద్దు వాలినా అరికాలు పెట్టనివ్వదు. అమ్మ బిందెతో నీళ్లు తెచ్చి చల్లితే సుయ్యిమని ఆవిరి లేస్తుంది. రెండో బిందెకు బండ నల్లబడుతుంది, మూడో బిందెకు గానీ చల్లబడదు. ఎనిమిదింటికి చాపలు పడతాయి. తల దగ్గర చెంబుతో నీళ్లు. పిల్లలకోడి ఎక్కడుంది, వేగుచుక్క ఎప్పుడు పొడుస్తుంది అని తాత వేలు చూపిస్తూంటాడు. అది ఆకాశం కింద నిద్ర కాక మరేంటి? చేన్లో మంద కట్టించినప్పుడు గొర్రెల కాపర్లు కంబళి కప్పుకొని అక్కడే పడుకునేవాళ్లు. శివరాత్రికి ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి మీదుగా నల్లమలలో నడిచి శ్రీశైలం పోయినవాళ్లు చెట్ల కిందే వండుకుని చెట్ల కిందే నడుం వాల్చారు. ఉగాదికి కన్నడ భక్తులు ఈనాటికీ అదే దారిన వస్తారు. క్యాంపింగ్ అనే మాట మనకు కొత్తే, పని మాత్రం పాతది.

ఇంకొక సంగతి చెప్తా, పౌరుషం ఉన్నవాళ్లు వినండి. మన మండలంలోనే ఉన్న బెలుం గుహల గురించి 1884లో రాసిపెట్టింది రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర. వందేళ్ల తర్వాత, 1982, 83లలో, జర్మనీ నుంచి డేనియల్ గెబౌర్ బృందం తాళ్లూ దీపాలూ పట్టుకొచ్చి లోపలంతా పాకి కొలతలు తీసింది. మనవాళ్లు కొందరు తోడు పోయారు, అది వేరే మాట. 3,229 మీటర్ల గుహ మన గుమ్మంలో ఉంటే కొలవడానికి అంత దూరం నుంచి మనుషులు వచ్చారు. వాళ్లు మన రాళ్ల కోసం ఇంత దూరం వచ్చారే, మీరు ఉన్న ఊరికి రెండు గంటల దూరంలోని అడవిని చూడటానికి బద్ధకమా!

లేవండి. అయితే కళ్లు మూసుకుని పోకండి. పద్ధతిగా పోండి.

ముందు చోటు. అమెరికా జాతీయ పార్కుల్లో గుడారం వేసే స్థలాలు చాలావరకు నెలల ముందే ప్రభుత్వ వెబ్‌సైటులో బుక్ చేసుకోవాలి. యోసెమిటీ లాంటి చోట వేసవి తేదీలు తెరిచిన నిమిషాల్లో అయిపోతాయి. తత్కాల్ టికెట్టుకు వేళ్లు ఆడించిన జాతి మనది, భయపడకండి. కానీ మొదటిసారే యోసెమిటీ వద్దు. కారు గుడారం పక్కదాకా పోయే చోటు, కొళాయి, మరుగుదొడ్డి ఉన్న చోటు, ఇంటికి దగ్గరి చోటు చూసుకోండి. మరుగుదొడ్డికి ముప్పై, నలభై అడుగుల దూరంలో అయితే రాత్రి పెద్దవాళ్లు లేవడానికి వీలు, వాసనా ఉండదు. అంతకన్నా ముందు, కొన్న గుడారాన్ని ఇంటి వెనక ఒకసారి విప్పి నిలబెట్టండి. చీకట్లో, వానలో, పిల్ల ఏడుస్తూండగా మొదటిసారి విప్పేవాడి మొహం నేను చూశాను. అద్దంలో.

మనవాళ్లకున్న జబ్బు ఒకటి చెప్పక తప్పదు. ఒక స్థలం బుక్ చేసి నాలుగు కుటుంబాలు దిగుతాం. యోసెమిటీలో ఒక స్థలానికి ఆరుగురే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా చప్పుడు చేయరాదు. స్పీకరు పెట్టి పాటలు, పదకొండింటికి అంత్యాక్షరి నడవవు. పక్క గుడారంవాడు నవ్వుతూ వచ్చి చెప్పడు, నేరుగా రేంజరును పిలుస్తాడు. పక్కింటాయన మిద్దె మీద నిద్రపోతుంటే మన ఊళ్లో గొంతు తగ్గించం? అంతే ఇది.

ఇక చలి. మన నాపబండ సాయంత్రం వేడిని పైకి తంతుంది. అక్కడి నేల తిరగబడి మన ఒంట్లో వేడిని లాక్కుంటుంది. ఇది తెలియక నేను ఒక జులైలో సియెర్రా కొండల్లో, ఎనిమిది వేల అడుగుల పైన, పిల్లలతో చిక్కుకున్నాను. జులై కదా, చలేముంటుంది అనుకున్నాం. బాగా గాలి ఊదిన లావుపాటి పరుపు వేసి రాజుల్లాగా పడుకున్నాం. ఒంటిగంటకు ఆ పరుపులోని గాలంతా చల్లబడి, ఐసుగడ్డ మీద పడుకోబెట్టినట్టయింది. రెండింటికి అందరం కార్లో. స్లీపింగ్ బ్యాగు ఎంత ఖరీదైనదైనా, కింద పడిన భాగం మన బరువుకు నలిగిపోయి వేడి ఆపదు. నేలకూ ఒంటికీ మధ్య వేసే చాపే అసలు పరుపు. మందపాటి ఫోము చాప చాలు, లేదంటే చలిని ఆపే గుణానికి కంపెనీలు ఇచ్చే ఆర్ విలువ నాలుగుకు తగ్గని పరుపు కొనండి. నాయనకు నూలు బనీను, నూలు పంచె వద్దు. తడిస్తే ఆరవు. ఉన్ని, దాని పైన గాలి ఆపే కోటు, తలకు మంకీ టోపీ. మనం ఎగతాళి చేసే మంకీ టోపీయే అక్కడ రాజకిరీటం. చలని గుడారం కిటికీలన్నీ బిగించకండి. మన ఊపిరి తడే గోడల మీద నీళ్లయి తెల్లారి పిల్లల నెత్తిన పడుతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. చలేస్తోందని గుడారంలోకి కుంపటి తేకండి. బొగ్గుల కుంపటి, గ్యాసు పొయ్యి ఏదైనా సరే. బొగ్గు సగం కాలితే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వంటంతా బయటే.

వంటంటే గుర్తొచ్చింది, ఎలుగుబంటి. అక్కడి నల్ల ఎలుగుకు ఆవకాయ వాసన మైలు దూరం నుంచి తెలిసినా తెలుస్తుంది. ఎలుగులుండే పార్కుల్లో చాలాచోట్ల స్థలం దగ్గరే ఇనప పెట్టె పెడతారు. తిండి, పళ్లు, చిప్స్ పొట్లాలే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె సీసా, అమ్మ సంచిలో దాచిన గోంగూర పచ్చడి కూడా రాత్రికి అందులోకే. కార్లో వదిలితే తలుపే ఊడబెరుకుతుంది. అమ్మను ముందే అడగండి, "ఇంకేమన్నా దాచినావా?" అని. తప్పకుండా దాచి ఉంటుంది.

మరి పొద్దున్నే ఏం తింటారు? ఇంగ్లీషు పుస్తకాలు ఓట్స్, పాన్‌కేకులు అంటాయి. నేను ఉగ్గాని అంటాను. ప్రపంచంలో క్యాంపింగ్ కోసమే పుట్టిన టిఫిను ఇదొక్కటే, కనిపెట్టింది మన సీమ. బొరుగులు బరువుండవు, చెడిపోవు, ఇండియన్ స్టోరులో దొరుకుతాయి. ఇంట్లోనే పుట్నాలపొడి కొట్టి డబ్బాలో పోసుకోండి. అక్కడ గిన్నెలో బొరుగులు రెండు నిమిషాలు నానబెట్టి పిండాలి. బాణట్లో నూనె, ఆవాలు, ఎండుమిర్చి, ఉల్లిపాయ, పసుపు. పిండిన బొరుగులు వేసి కలిపి పైన పొడి చల్లి దించేయండి. పది నిమిషాలు, ఒక గిన్నె, ఒక బాణలి. అన్నం, పప్పు పెట్టి కుక్కరు కూతలతో అడవిని లేపాల్సిన పని లేదు. మిరపకాయ బజ్జీ మాత్రం ఇంటికొచ్చాక. గిన్నెలు ఏట్లో కడగకండి. మెతుకులు వడగట్టి చెత్తలో వేసి, ఆ నీళ్లను ఏటికి రెండొందల అడుగుల దూరంలో చల్లండి. మరుగుదొడ్డి లేని అడవిలో బయటికి పోవాల్సి వచ్చినా అంతే దూరం, ఆరేడు అంగుళాల గుంట, పైన మన్ను. పిల్లికి తెలిసిన మర్యాద మనకు తెలియదా?

కట్టెలు ఊరి నుంచి మోసుకుపోకండి, అక్కడే కొనండి. కట్టెలోపల పురుగులు కొత్త అడవికి పాకి చెట్లను చంపుతాయి. మంట పెట్టే ముందు ఆ రోజు అనుమతి ఉందో లేదో అడగండి, ఎండాకాలం తరచుగా నిషేధం ఉంటుంది. పడుకునేముందు మంట ఆర్పే పని నాయనకు అప్పజెప్పండి. నీళ్లు పోసి, కట్టెతో కలిపి, మళ్లీ పోసి, అరచెయ్యి వెనక్కి తిప్పి దగ్గర పెట్టి చూస్తాడు. ఎవరూ నేర్పక్కర్లేదు.

నీళ్ల దగ్గర మాత్రం మీసం మెలేయకండి. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్లలో పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. మంచు కరిగిన నీళ్లు మన అవుకు చెరువు నీళ్లు కావు. ఒంటికి తగలగానే ఊపిరి బిగుసుకుంటుంది, ఈత వచ్చినవాడి చేతులు కూడా పని చేయవు. నాచు పట్టిన రాయి మీద సెల్ఫీ వద్దు. ఫోనుకు సిగ్నలు ఉండదు, మ్యాపు ముందే దించుకోండి. ఎక్కడికి పోతున్నారో, ఏ రోజు తిరిగొస్తారో ఊళ్లో ఒకరికి చెప్పి పోండి. అమెరికాలో 911, ఐరోపాలో 112, ఆస్ట్రేలియాలో 000, న్యూజిలాండ్‌లో 111. ఈ అంకెలు కాగితం మీద రాసి అమ్మ కొంగున కట్టండి.

వస్తున్నవాళ్లకు ఇక్కడినుంచే కొన్ని చెప్పాలి. బీపీ, షుగరు మందులు చేతిసంచిలో, డాక్టరు చీటీతో సహా. ప్రయాణ బీమా లేకుండా విమానం ఎక్కించకండి. షెంగెన్ వీసాకైతే 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా చూపించాల్సిందే. పవర్ బ్యాంకు కూడా చేతిసంచిలోనే. గ్యాసు డబ్బా విమానంలో తీసుకుపోనివ్వరు, అక్కడే కొనండి. న్యూజిలాండ్ పోయేవాళ్లు వాడిన గుడారం, బూట్లు ముందే కడిగి పట్టుకెళ్లండి. మన చేని మన్ను అంటుకున్నా ఫారంలో చెప్పాలి, దాస్తే 400 డాలర్ల జరిమానా. విదేశంలో కారు నడపాలంటే ఇక్కడి ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ ఏడాది పనికొస్తుంది.

నార్వేలో ఒక చట్టం ఉంది, 1957 నాటిది. దున్నని నేల ఎవరిదైనా సరే, ఇంటికి 150 మీటర్ల దూరంలో ఎవరైనా రెండు రాత్రులు గుడారం వేసుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ చట్టం గురించి చదివినప్పుడు నాకు మన కాపరి గుర్తొచ్చాడు. పంట కోసిన చేన్లో మంద దించితే రైతు ధాన్యమిచ్చి మరీ ఉండమనేవాడు. అది రాయని చట్టం.

పాస్‌పోర్టు లేని పిల్లలు, సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాళ్లు, నాపరాతి గనుల్లో పని చేసేవాళ్లు, ఇదంతా మాకెందుకు అనుకుంటున్నారేమో. మీకే ముందు. నేర్చుకునే బడి గండికోట. పోతూ పెద్దవాళ్లకు బెలుం కూడా చూపించండి. గుహలో ఉక్కపోతకు ఇబ్బంది పడతారు, నీళ్లు వెంట ఉంచుకోండి. కోట దగ్గర గుడారాలు అద్దెకిస్తారు, తెచ్చుకున్నా వేసుకోవచ్చు. లోయ అంచు నుంచి మాత్రం బాగా దూరంగా. కింద సుమారు 300 అడుగుల లోతులో పెన్నేరు ఉంది, చాలాచోట్ల కంచె లేదు.

నా మొదటి గుడారం అక్కడే. బండరాతి నేల. సుత్తి విరిగేట్టు కొట్టినా మేకు దిగలేదు. ఒకటి వంగింది, రెండోది ఎగిరి నా బొటనవేలికి తగిలింది. మా నాయన కాసేపు బీడీ కాలుస్తూ చూశాడు. తర్వాత లేచిపోయి నాలుగు పెద్ద రాళ్లు దొర్లించుకొచ్చాడు. ఎద్దుకు పలుపు ముడి వేసినట్టు తాడును రాయి చుట్టూ రెండుసార్లు తిప్పి బిగించాడు. ఆ రాత్రి పెన్నేటి గాలికి పక్కవాళ్ల గుడారం ఒరిగిపోయింది.

ఈ శనివారం మీరూ గుడారం మిద్దె మీద వేసి చూడండి. "ఇంట్లో మంచం పెట్టుకొని ఇదేం పని రా?" అని అమ్మ కింది నుంచి అరుస్తుంది. పైకి రమ్మని, తాడు కొస ఆమె చేతికివ్వండి.